ఇంజన్ పండే దిక్కు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. కామారెడ్డిల నా మోటర్‌సైకిల్ మెకానిక్ షాపుకు వచ్చేటోళ్లందరికీ ఈ సంగతి ఎరుకే. బండి పొగ కొడుతుందని తెస్తరు. ఆయిల్ ఎప్పుడు మార్చినవంటే "మొన్ననే గదనే అన్నా" అంటరు. అడుగు బోల్టు ఇప్పితే తారు లెక్క కారుతది. "మొన్న అంటే ఏ మొన్న? నీ పెండ్లి కాకముందటి మొన్ననా?" అని నలుగురి ముందట అడుగుత. నవ్వేటోళ్లు నవ్వుతరు, అలిగేటోళ్లు అలుగుతరు, మళ్ల నా దగ్గరికే వస్తరు. ఎందుకంటే సామాను మార్చకుంట మార్చిన అని నేను చెప్ప. అసొంటి పని చేసేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది. డబ్బాల పడున్న అరిగిన సామాను ఏదో తీసి "గిదే నీ బండిల పోయింది" అని గిరాకి చేతుల పెడ్తరు. మా బజార్ల ఒకడు గట్ల చేస్తే వాని షాపు ముందటికే పోయి లొల్లి పెట్టుకున్న. మంచోడో చెడ్డోడో గని, అబద్ధం మాత్రం ఆడడు అని నాకు పేరు పడ్డది.

మా అక్కను ఎల్లారెడ్డి దిక్కు ఇచ్చినం. ఎల్లారెడ్డి దాటినంక ప్రాజెక్టు వెనక నీళ్ల ఒడ్డున చిన్న పల్లె. నీళ్లు నిండినయంటే ఆ పల్లె తొవ్వ బురదలకు పోతది, ఆటో రాదు. పడవ మీద ఇవతలి ఒడ్డుకు వచ్చి, ఆడికెళ్లి ఆటోల ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డికెళ్లి బస్సుల కామారెడ్డి. మా బావ చేపలు పట్టేటోడు. పిల్లలు కాలేదు వాళ్లకు. ఉన్నదల్ల ఒక పడవ, రెండు మూడు వలలు, పడవ వెనక పలకకు బిగించే ఒక ఇంజన్.

ఆ ఇంజన్ ముచ్చట చెప్పాలె. ఎక్కడ్నో టూరిస్టు పడవలు నడిపినోళ్లు ధందా బంద్ చేసుకుంటే బావ వాళ్ల దగ్గర పాతది కొన్నడు. ఆ ఊర్ల తక్కినోళ్లయి టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోల్లనే ఆయిల్ కలిపి పోస్తరు, కడుపుల వేరేగ ఆయిల్ ఉండది. మా బావది ఫోర్ స్ట్రోక్. మోటర్‌సైకిల్ లెక్క దాని కడుపుల ఆయిల్ ఉంటది, పెట్రోల్ వేరేగ పోస్తరు. చప్పుడు తక్కువ, పొగ రాదు. ఊర్ల అసొంటిది అదొక్కటే. బావ దానికి పడవకు వేసిన పచ్చరంగే పైకెళ్లి కిందిదాక పూసిండు. దానిమీద ఉన్న స్టిక్కర్లు, రాతలు, బొమ్మలు అన్నీ ఆ రంగు కిందికి పోయినయి. దసరకు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టేటోడు.

ఆ ఒడ్డున ఒక అలవాటు ఉన్నది. వల ఒడ్డున ఉండొచ్చు, పడవ నీళ్లల్ల ఉండొచ్చు, ఇంజన్ మాత్రం ఇంట్లనే పండాలె. పొద్దుమీకంగనే పలకకెళ్లి ఇప్పి, భుజం మీద వేసుకొని, ఇంట్లకు తెచ్చి, బొంత పరిచి పండబెడ్తరు. దొంగల భయం ఒకటి, కోతులు వైర్లు పీకుతయని ఒకటి. ఏ ఇంట్ల చూసినా మనుషుల పక్కన ఒక ఇంజన్ పండి ఉంటది. మా అక్క దాన్ని సవతి అనేటిది. "నా సవతికి బొంత కప్పిండు గని నాకు కప్పలేదు చూడు తమ్మీ" అని నాతోని చాడీలు చెప్పేది. బావ నవ్వుకుంట "దానికి కాళ్లు చల్లవడ్తయే" అనేటోడు.

తర్వాత అక్కకు కిడ్నీలు ఖరాబైనయి. కాళ్లు వాచినయి, మొఖం వాచింది. కామారెడ్డి దవాఖానల రక్తం కడిగే మిషన్ మీద వారంల రెండు మాట్ల పండాలె అన్నరు. మా ఇంట్లనే ఉండు అని నేను, నా భార్య ఎంత బతిమాలినమో. నా భార్య అర్ర ఊడ్చి మంచం కూడ వేసింది. అక్క వినలే. "మిషన్ మీద పండేది వాళ్ల మంచం మీద. మాపటికి పండేది మాత్రం నా ఇంట్లనే" అన్నది. తెల్లారకముందే లేసి పడవ ఎక్కేది. రక్తం కడిగించుకొని, సొమ్మసిల్లినట్టు నా షాపుల జరసేపు కూసుండి, చాయ్ వాసన చూసి, తాగకుంటనే లేసేది. చాయ్ కూడ లెక్కవెట్టి తాగాలె గదా. పొద్దుగూకెవరకు బావ ఇవతలి ఒడ్డున పడవ పెట్టుకొని ఎదురు చూసేటోడు.

అగో, గప్పుడే ఇంజన్ ఆయిల్ తాగుడు సురువు చేసింది.

"బామ్మర్దీ, పొద్దుగాల స్టార్ట్ చేస్తే తెల్లగ, నీలంగ పొగ. ఆయిల్ పుల్ల తీసి చూస్తే గీత కిందికి పోయి ఉంటుంది. రోజూ పోస్తున్న" అని ఫోన్ల చెప్పిండు బావ. పడవ నడిమిట్ల ఆగితే అక్క సంగతేంది? నాకు అదే మొదలు గుర్తుకొచ్చింది. "ఇంజన్ తాగుతుందా, నువ్వు తాగుతున్నవా?" అని ఎకసెక్కం చేసిన గని, లోపల మాత్రం భయమే.

బావ దాన్ని ట్రాలీ ఆటోల తెచ్చిండు. నిలువుగ నిలబెట్టి, అక్క పాత చీర చుట్టి, తాళ్లతోని కట్టి, పక్కపొంటి కూసుండి పట్టుకొని తెచ్చిండు. నేను షాపుల ఇనుప గొట్టాలతోని ఒక అడ్డ చేసి, దానికి బిగించి, నీళ్లను తోసే పంకా మునిగేటట్టు కింద నీళ్ల డ్రమ్ము పెట్టి నడిపిన. మంచిగ నడిచింది. పొగ లేదు. పాతది గదా, ఇప్పి చూస్తే రింగులు అరిగి ఉన్నయి. హైదరాబాద్ కెళ్లి రింగులు, వాల్వు సీళ్లు తెప్పించి మార్చిన. సిలిండరు లోపల వేలితోని తడిమి చూసిన, గీతలు లేవు. మళ్ల బిగించి పొద్దంత నడిపిన. ఆయిల్ పుల్ల మీద గీత వెంట్రుకంత కూడ దిగలే. "తీస్కపో బావా, ఇగ నీ ఇంజన్ మందు మానేసింది" అన్న.

వారం తిరగకముందే మళ్ల ఫోన్. మళ్ల తాగుతుందట.

నాకు నెత్తికెక్కింది. నా చేతుల మీద నాకు నమ్మకం గదా. "ఏం పోస్తున్నవ్ దాంట్ల? ఆయిల్ తోని బజ్జీలు వేసుకుంటున్నరా మొగుడు పెండ్లాలు?" అని లేసిన. షాపు బంద్ పెట్టి బస్సెక్కి పోయిన. పోయేవరకు మిట్టమధ్యాహ్నం. బావ పడవల నన్ను కూసుండబెట్టుకొని నీళ్ల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పిండు. గంటలు గంటలు తిప్పినా పొగ లేదు, ఆయిల్ తగ్గలేదు. "ఏది పొగ? చూపెట్టు!" అన్న. "పొద్దుగాల చూడాలె బామ్మర్దీ" అన్నడు నెమ్మదిగ. "పొద్దుగాల ఒక ఇంజన్, మధ్యాహ్నం ఒక ఇంజనా?" అని అరిచిన. అక్క గడపల కూసుండి మా ఇద్దరి లొల్లి వింటుంది. నాకోసం చేపల పులుసు చేసింది. తనకు మాత్రం ఉప్పు లేని గంజి. "పులుసు మంచిగుందా? ఉప్పు సరిపోయిందా? నేను రుచి చూసేటట్టు లేదు తమ్మీ, అందాజ మీద వేసిన" అన్నది. ఉప్పు సరిగ్గ సరిపోయింది. ఆఖరి బస్సు పోతదని ఉరుక్కుంట వచ్చిన.

కొన్నొద్దులకు భయపడ్డదే అయింది. మిషన్ రోజు, పొద్దు పొడవకముందు, పడవ నీళ్ల నడిమికి పోంగనే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు ఇప్పితే ఆయిల్ల మునిగినట్టు తడిసి ఉన్నదట. తుడిచి పెట్టినా అందుకోలే. ఎదురుగాలి. బావ తెడ్డు వేసుకుంట వేసుకుంట ఒడ్డు చేరెవరకు ఆటో పోయింది, బస్సు పోయింది, దవాఖానల అక్క వంతు పోయింది. తెల్లారి అక్కకు ఊపిరి ఆడలే. నేను జీపు మాట్లాడుకొని పోయి తీసుకొచ్చిన. బావ తెడ్డు వేసి దాటించినంక, ఇవతలి ఒడ్డు మీద జీపు ఎక్కకుంట నిలబడ్డది అక్క. పడవ దిక్కు, నీళ్ల అవతల ఉన్న ఇల్లు దిక్కు చూసింది.

"తమ్మీ, ఇంజన్ మంచిగైతే నన్ను మళ్ల నా ఇంట్ల దింపుతవా?"

"దింపుత అక్కా."

"ఒట్టా?"

నా చేయి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకున్నది. ఒట్టు వేసిన. ఇంకేముంది, ఒక్క ఇంజన్. నా జిందగీల ఎన్ని ఇంజన్లు చేయలే! రెండు మూడు వారాలల్ల దింపుత అనుకున్న.

అట్ల అక్క మా ఇంట్ల ఉండవట్టింది. నా భార్య కడుపుల పెట్టుకొని చూసుకుంది, ఆ మాట నేను చెప్పాలె. అయినా అక్క మొఖం మా ఇంట్ల లేదు. తెల్లారకముందే లేసి కూసునేది. "నీళ్ల చప్పుడు లేకుంటే పొద్దు అయింది కానిది తెలుస్తలేదు" అనేటిది. బావ వీలైనప్పుడల్ల బస్సుల వచ్చేటోడు. రాని రోజు ఫోన్ చేసేటోడు. అక్క అడిగేది ఎప్పుడూ ఒక్కటే.

"నా మంచం ఉన్నదా, తీసిండ్రా?"

"నీ మంచం నీ జాగల్నే ఉన్నదే. నీ జాగల ఏం పెట్టలే. నువ్వు వచ్చేవరకు ఎట్లున్నది అట్లనే ఉంటది" అనేటోడు బావ. ఫోను స్పీకరు మీద ఉండేది కాబట్టి మాకందరికీ వినబడేది. అక్క గప్పుడు జర నవ్వి పండేది.

ఇంజన్ మళ్ల నా షాపుకు వచ్చింది. ఈసారి అక్క కూడ వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని డ్రమ్ము ముందట కూసున్నది. నేను మొత్తం ఇప్పిన. పైపులు ఊదిన, గాస్కెట్లు మార్చిన, కార్బరేటరు కడిగిన. తెలిసినోళ్లందరికీ ఫోన్లు కొట్టిన. సముద్రం దిక్కు పనిచేసి వచ్చిన ఒక మెకానిక్ దొరికిండు. ఆయన కూడ రింగులే అన్నడు, సీళ్లే అన్నడు. ఇంజన్‌ను ఇంట్ల ఎట్ల పెడ్తరు అని ఆయన అడగలే. నాకు కూడ అడుగుడు తోచలే. మోటర్‌సైకిల్ మెకానిక్‌కు బండి ఎట్ల పండుతది అని అడిగే అలవాటు ఏడుంటది? బండి నిలబడే ఉంటది గదా.

స్టార్ట్ చేస్తే చక్కగ నడిచింది. పొగ లేదు. అక్క చెవి పెట్టి విన్నది.

"నా సవతి గొంతు మంచిగనే ఉన్నది గదరా."

"మంచిగనే ఉన్నదక్కా. అక్కడికి పోతేనే దానికి ఏమైతదో."

"అది ఈడ మంచిగుంటది, ఆడ బాగుండది. నాకు ఉల్టా" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నేను పానా కింద పెట్టి లోపలికి పోయి, చేతులు కడుక్కుంటున్నట్టు జరసేపు నిలబడ్డ.

బావ ఇంజన్ తీసుకొని పోయిండు. రెండొద్దులు చూసి చెప్త అన్నడు. అక్క అప్పుడే చీరలు మడిచి సంచిల పెట్టుకుంది. రెండొద్దులైంది. బావ ఫోన్ చేసి, ముందుగాల అక్క తిన్నదా అని అడిగిండు. నాకు సమజైంది. "మళ్లనా?" అన్న. "మళ్లనే" అన్నడు. సంచిలకెళ్లి చీరలు అక్క తీయలే. గోడకు తగిలేసి ఉంచింది, ఇగ రేపో మాపో అన్నట్టు.

బతుకమ్మ ముందటి రోజులల్ల, ఒకరోజు పొద్దుగాల నా భార్య పోయి లేపితే అక్క లేవలే. ఇంత అని చెప్పేటందుకు ఏం లేదు. పక్కకు తిరిగి పండి ఉన్నది. సంచి గోడకు అట్లనే వేలాడుతుంది. నేను ఒట్టు వేసిన చేయి అక్క నెత్తి మీద పెట్టి పిలిచిన. శానసేపు పిలిచిన. నా భార్య వచ్చి నా చేయి తీసింది.

అక్కను ఆమె ఇంట్ల దింపినం. ఇంజన్ బాగుగాకముందే దింపినం. వ్యాను ఎల్లారెడ్డి మీదికెళ్లి ఒడ్డుదాక పోయింది. నీళ్లు నిండుగ ఉన్నయి. బావ ఇంజన్‌ను నమ్మక తెడ్డు వేసుకొని వచ్చి, పడవ పెట్టుకొని నిలబడి ఉన్నడు. ఎప్పుడూ ఎదురు చూసినట్టే నిలబడ్డడు. అక్కను పడవల పండబెట్టి బావ తాడు గుంజితే ఇంజన్ బుస్సుమని పొగ ఇడిసింది. నీలం పొగ మా అందరి మొఖాల మీదికి వచ్చింది. ఆ పొగను నేను కండ్లార చూసుడు గదే మొదటిసారి. నా కోపం ఏడ పోతది? "థూ, నీ ముండమొయ్య! ఇయ్యాల కూడనా?" అని ఇంజన్‌ను తన్నబోయిన. బావ నా చేయి పట్టుకున్నడు. "తిట్టకు బామ్మర్దీ. మీ అక్క సవతి అది" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు లేవు. దహనం అయినప్పుడు కూడ లేవు. కట్టె లెక్క తిరిగిండు.

దినాలు అయ్యేదాక నేను అక్కడనే ఉన్న. అక్క మంచం బయటికి తీసి వేపచెట్టు కింద నిలబెట్టిండ్రు. అర్రల ఆ మంచమంత జాగ ఖాళీగ ఉండె. ఇంజన్ గోడ పక్కపొంటి బొంత కప్పుకొని పండి ఉండె. నేను దాని దిక్కు చూడలే. చూస్తే ఎత్తి నీళ్లల్ల పారేద్దామనిపించేది. దినాల తెల్లారి బావ మొదటిసారి వలకు పోయిండు. పొద్దుగూకంగ ఇంజన్ భుజం మీద వేసుకొని వచ్చిండు. నేను గడపల కూసున్న, అక్క కూసునే కాడ.

బావ బొంత పరిచిండు. మోకాళ్ల మీద కూసుండి ఇంజన్ దించిండు. దించినంక దాన్ని రెండు చేతులతోని పట్టి, ముక్కుకుంట, ఉల్టా మర్లేసి, పడవను మలిపే పొడుగు పిడి గోడ దిక్కు వచ్చేటట్టు పండబెట్టిండు. రొప్పుతున్నడు. నాకు ఉత్తగనే నోరు ఊకోదు గదా.

"వచ్చింది వచ్చినట్టు పండబెట్టరాదు? గంత బరువు ఎందుకు మర్లేస్తున్నవ్?"

"అలవాటైంది బామ్మర్దీ. ముందుగాల పిడి ఇటు దిక్కే ఉంటుండె. మీ అక్కకు బాగ లేకుంటయినంక, వానలల్ల మంచం లోపలికి తెచ్చినం గదా. ఒకపారి మంచం దిగి బయటికి పోతుంటే పిడి కాళ్లకు తగిలి పడబోయింది. కాళ్లు వాచి ఉండె. ఇంకోసారి తగులొద్దని అప్పటిసంది గోడ దిక్కు మర్లేస్తున్న." ఇంజన్ మీద బొంత కప్పి మళ్ల అన్నడు, "ఆమె కామారెడ్డి పోయినంక కూడ గట్లనే పండబెట్టిన. వస్తే దిగే జాగ ఖాళీగ ఉండాలె గదా."

నేను గడపకెళ్లి లేసి, గోడ దిక్కు ఉన్న పిడిని వంగి చూసిన.

తెల్లారి బావ మొఖం కడుక్కునేటందుకు పోయినప్పుడు ఇంజన్ మీద మూత లెక్క ఉండే టోపి ఇప్పి చూసిన. గాలి పీల్చుకునే డబ్బల వేలు పెడితే వేలంత ఆయిల్. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌ను ఒక దిక్కే పండబెట్టాలె. ఆ దిక్కు పండితే ఆయిల్ దాని కడుపుల్నే ఉంటది. ఇంకో దిక్కు పండిందంటే ఊపిరి పైపులకెళ్లి పైకి ఎక్కుతది, సిలిండర్లకు దిగుతది. పొద్దుగాల స్టార్ట్ చేస్తే అదంత కాలి పొగ అయితది, ప్లగ్గు తడిసి ఇంజన్ ఆగుతది. ఊర్ల టూ స్ట్రోక్ ఇంజన్లకు ఏ దిక్కైనా ఒకటే, కడుపుల ఆయిల్ ఉంటే గదా ఒలికేది. బావ పూసిన పచ్చరంగును గోరుతోని గీకిన. కింద ఒక బొమ్మ. పండిన ఇంజన్, దాని పక్కన బాణం గుర్తు. ఆ గుర్తు ప్రకారం పండబెడితే పిడి గోడ దిక్కు కాదు, మంచం దిక్కు రావాలె. నా షాపుల నిలబడి ఉండె, పడవల నిలబడి ఉండె, అందుకే నా కండ్ల ముందట ఎన్నడూ తాగలే.

అక్క కాళ్లకు తగులొద్దని మర్లేసిండు. మర్లేస్తే ఆయిల్ పోయింది. ఆయిల్ పోతే పడవ ఆగింది. పడవ ఆగిందని అక్క ఇల్లు ఇడిసిపెట్టి వచ్చింది. వస్తదేమో అని ఆమె జాగ ఖాళీగ పెట్టుకుంట, రోజూ అదే దిక్కు పండబెట్టి, ఆమె రాకుంట చేసుకున్నడు. ఆమె మీది పావురంతోనే, ప్రేమతోనే చేసిండు. ఈ ముచ్చట ఆయనకు తెలిస్తే ఆ ఇంట్ల ఆయన ఒక్క పూట బతుకుతడా?

గీకిన కాడ మసి రుద్దిన. టోపి బిగించిన. బావ వచ్చి "ఏమన్న దొరికిందా?" అన్నడు. "చూడాలె" అన్న.

కామారెడ్డి వచ్చి ఇనుప గొట్టాలతోని ఒక స్టాండు వెల్డింగ్ చేసిన. ఇంజన్ పండకుంట నిలబడేటట్టు, గోడకు ఆనుకునేటట్టు, అక్క మంచం జాగలకు రాకుంట సన్నగ చేసిన. పాత సామాన్ల డబ్బల చేయి పెట్టి, ఎండి పగిలిన ఒక నల్ల రబ్బరు సీలు తీసుకొని జేబుల వేసుకున్న. ఏ బండిదో నాకే తెల్వది. బస్సుల కూసున్నంక కూడ చేయి జేబుల్నే ఉన్నది.

బావ ముందట ఇంజన్ టోపి ఇప్పిన. పానా పెట్టి, ఇప్పినట్టు బిగించినట్టు చేసుకుంట గంటసేపు కూసున్న. పండబెట్టకుంట స్టాండు మీదనే ఉంచి, తెల్లారినంక పడవకు తీస్కపోయినం. బావ తాడు గుంజిండు. పొగ లేదు. మళ్ల బంద్ చేసి, మళ్ల గుంజిండు. పొగ లేదు. ఆయిల్ పుల్ల తీసి తుడిచి పెట్టి చూసిండు. గీత మీదనే ఉన్నది.

"ఏం చేసినవ్?"

జేబులకెళ్లి సీలు తీసి ఆయన చేతుల పెట్టిన. "గిదే. లోపల మూలకు దాసుకొని ఉండె. ఇదివరకు కనవడలే. కొత్తది వేసిన."

"మరి స్టాండు? పండబెట్టుడు తప్పా?"

"ఛ, ఊరంత పండబెడ్తలేరా? స్టాండు నీ నడుముకోసం. ముసలోడివైతున్నవ్, మర్లేసుడు నీతోని అయితదా? తప్పంత ఈ సీలుదే" అన్న. నాకున్న కోపమంత తెచ్చుకొని గట్టిగ అన్న, నమ్మాలె గదా.

బావ సీలును అరచేతుల పెట్టుకొని చూసిండు. అటు మలిపి ఇటు మలిపి చూసిండు.

"అప్పుడే దొరికితే మీ అక్క ఇంటికి వచ్చేది."

"దొర్కకపాయె బావా."

"నా చేతుల ఏం లేకుండెనా?"

"ఏం లేకుండె. నీ చేతుల ఏం లేకుండె బావా."

గప్పుడు ఏడ్చిండు. "గింత రబ్బరు ముక్క! గింత రబ్బరు ముక్క నా ముసల్దాన్ని ఇంటికి రానియ్యలే!" అని బండబూతులు తిట్టుకుంట ఆ సీలును ఇసిరికొట్టిండు. నీళ్లల్ల ఎంత దూరం పడ్డదో కనవడలే. పడవ అంచు పట్టుకొని, నీళ్లల్ల మోకాలిలోతు నిలబడి, చిన్న పిలగాని లెక్క ఏడ్చిండు. నేను పక్కన నిలబడి ఆయన వీపు మీద చేయి వేసిన. నేను కూడ ఏడ్చిన, ఆయన కోసం పానం కొట్టుకొని ఏడ్చిన.

శానసేపటికి మొఖం కడుక్కున్నడు. "రా, బస్సు పోతది, నిన్ను అవతల దింపుత" అన్నడు. పడవల వలలు నిండుగ ఉన్నయి. కూసునేటందుకు వేరే జాగ లేకుంటే ముందటి పలక మీద, అక్క కూసునే కాడ కూసున్న. బావ తాడు గుంజిండు. ఒక్క గుంజుకే అందుకుంది. ఆ ఒడ్డుకెళ్లి ఈ ఒడ్డుదాక దగ్గలేదు, ఆగలేదు, పొగ ఇడవలేదు.